ట్రేసర్ సాబు చదివిన అంగారక నవల

మొన్న శనివారం మా ఆఫీసులో సంతాప సభ జరిగింది. మొత్తం పదకొండు నిమిషాలు. గడియారం చూసుకున్నాను కనుక కచ్చితంగా చెబుతున్నాను. రెండు నిమిషాలు మౌనం, మిగిలిన తొమ్మిది నిమిషాలు ఒకే మనిషి ప్రసంగం. ఆయన నల్లగొండ నుంచి జీపు వేసుకుని వచ్చిన పెద్ద ఇంజనీరు. మూడేళ్ల కింద ఈ ఆఫీసులోనే మాకు అధికారి. పోయిన మనిషి గురించి మూడు మాటలు చెప్పాడు: నెమ్మదస్తుడు, చెప్పింది చెప్పినట్టు చేసేవాడు, ఎన్నడూ ఎదురు మాట్లాడలేదు.

మూడూ నిజమే. ఆ మూడు గుణాలతోనే ఆ ముసలాయన తనను ఎట్లా దెబ్బ కొట్టాడో అధికారికి ఇప్పటికీ తెలియదు. తెలియజేయడానికే ఇది రాస్తున్నాను. కోపం చల్లారాక రాద్దామనుకున్నాను. మూడేళ్లు చూశాను, చల్లారలేదు.

పోయిన మనిషి మా ఆఫీసు ట్రేసర్. ఇంజనీర్లు పెన్సిలుతో గీసిన పటం మీద గంజి పట్టించిన నున్నటి గుడ్డ పరిచి, కింద కనబడే ప్రతి గీతనూ ఆ గుడ్డ మీద నల్ల సిరాతో దించడం ట్రేసర్ పని. ఆ గుడ్డ నుంచి ప్రింట్లు తీస్తారు, ఆ ప్రింట్లు చూసి కాలువలు తవ్వుతారు. కింద లేని గీత ట్రేసర్ కలపకూడదు, కింద ఉన్న గీత వదలకూడదు. ఆయన దీన్ని మతంలాగా పాటించేవాడు. ఒకసారి పెన్సిలు పటం మీద ఈగ ఒకటి నలిగి చచ్చిపోయి ఉంటే, దాని ఆరు కాళ్లనూ ట్రేస్ చేసి పంపాడని చెప్పుకునేవారు. అడిగితే, "ఇచ్చింది గీసిన" అన్నాడట. నేను చేరకముందు సంగతి. నిజమే అయి ఉంటుంది.

పొడుగాటి గీత గీసే ముందు ఊపిరి పీల్చి బిగబట్టేవాడు. గీత చివరికి వచ్చాకే వదిలేవాడు. మధ్యలో ఎవరైనా పిలిస్తే జవాబు గీత చివర వచ్చేది. కొత్తలో నాకు ఇది చెవుడు అనిపించింది. చెవుడు కాదని తెలియడానికి వారం పట్టింది.

జేబులో ఎప్పుడూ తెల్లని చేతిరుమాలు ఉండేది. పనికిరాని ట్రేసింగ్ గుడ్డను వేడినీళ్లలో ఉడికించి గంజి పోగొడితే కింద మంచి నూలు బట్ట మిగులుతుంది. మా ఆఫీసులో సగం మంది చేతిరుమాళ్లు, పిల్లల లాగులు అట్లా వచ్చినవే. కానీ ఆయన ఉతికిన గుడ్డ అంచులు మడిచి కుట్టే తీరు వేరు. "నారాయణపేటల మగ్గం కింద పుట్టినోణ్ణి. పోగు లేస్తే నాకు నిద్ర పట్టది" అనేవాడు. నారాయణపేట విడిచి సర్వేలో కొలత గొలుసు మోసే పనికి చేరి, మా ఆఫీసుకు ఏడు మైళ్ల దూరంలో ఉన్న రాళ్లగూడెంలో ఇల్లరికం వచ్చి, ముప్పై ఏళ్లుగా ఆ ఊరి అల్లుడుగానే మిగిలిపోయాడు. ఊళ్లో ముసలీ ముతకా, పిల్లా పీచూ అందరూ ఆయన్ను అల్లుడనే పిలుస్తారు. ఆఫీసులో ట్రేసర్ సాబు. అసలు పేరు జీతాల పట్టీలో మాత్రమే ఉండేది.

నేను పాలమూరు వాణ్ణి. మా నాయిన మట్టి పని చేసేవాడు. దేశంలో ఎక్కడ కట్ట పోసినా, ఎక్కడ కాలువ తవ్వినా అక్కడికి గంపా పారా పట్టుకుని పోయిన పాలమూరు కూలీల్లో ఒకడు. నన్ను పాలిటెక్నిక్‌లో చదివించాడు. డిప్లొమా చేతికి వచ్చాక సూపర్‌వైజరుగా ఈ ఆఫీసులో చేరాను. ట్రేసర్ సాబు నన్ను పాత పద్ధతిలో ఓవర్సీర్ సాబ్ అనేవాడు, ఆఫీసంతా అదే పట్టుకుంది. ఆయన పిలుపులో వెటకారం పాలు ఎంతో ఎన్నడూ తేల్చుకోలేకపోయాను.

మధ్యాహ్నం జొన్నరొట్టె, తొక్కు తిన్నాక ప్రింట్లు ఆరేసే వరండాలో కూర్చుని ఆయన ఒక పుస్తకం చదివేవాడు. ఉర్దూ పుస్తకం. అట్ట లేదు, మొదటి ఆరు పేజీలు లేవు. ఏదో దూరదేశపు నవలకు అనువాదమని మాత్రం తెలుసు. రాసింది ఎవరో, ఏ దేశమో ఆయనకు తెలియదు. చిన్నప్పుడు సర్వే క్యాంపులో ఒక మున్షీ ఇచ్చిపోయాడట. నాకు ఉర్దూ రాదు. "జర చదివి చెప్పరాదా" అని నేనే అడిగాను. రోజుకు నాలుగు పేజీలు, తెలుగులో.

కథ అంగారక గ్రహం మీద. ఆ గ్రహం కొసన మంచు ఉంటుంది. అది కరిగి వేల మైళ్ల కాలువల్లో నగరాలకు పోతుంది. మొదటి నగరంలో రాజు ఉంటాడు. చివరి నగరంలో దాహం ఉంటుంది. ఈ రెంటి మధ్య కాలువ గట్టున నిలబడి కర్రతో నీటి మట్టం కొలిచే ఒక ముసలివాడు ఉంటాడు. భూమి నుంచి గాజు ఓడలో ఎగిరిపోయిన ఒక యువకుడు ఇదంతా చూసి మనకు చెబుతుంటాడు.

చదవడం మొదలైన మూడో రోజు నుంచే నేను తప్పులు రాసిపెట్టడం మొదలుపెట్టాను. పాకెట్ పుస్తకంలో వరస నంబర్లు వేసి రాశాను. అక్కడ పీల్చడానికి గాలి చాలదు. గాజు ఓడ బొగ్గుతో నడుస్తుంది, కానీ అంత బొగ్గు ఓడలో ఎక్కడ పెట్టారో చెప్పలేదు. యువకుడికి అక్కడి భాష తొమ్మిది రోజుల్లో వస్తుంది. ఆడవాళ్లు ప్రతి అధ్యాయంలో ఒకసారి మూర్ఛపోతారు, ఇంకేమీ చేయరు. కాలువలు తవ్వేవాళ్లను మాట రాని నాలుగు కాళ్ల జంతువులుగా వర్ణించాడు. వేల మైళ్ల కాలువకు వాలు ఎంతో ఒక్కచోట కూడా లేదు. అన్నింటికన్నా పెద్ద తప్పు, అసలు అక్కడ కాలువలే లేవు. పాత కాలపు దుర్భిణుల్లో చూసి పండితులు భ్రమపడ్డారని మా పాలిటెక్నిక్ మాస్టారు ఎన్నడో చెప్పాడు. మొత్తం ఇరవై మూడు తప్పులు. ఒక మధ్యాహ్నం వరసగా చదివి వినిపించాను.

ఆయన రుమాలుతో కళ్లద్దాలు తుడుచుకుంటూ అన్నీ విన్నాడు.

"అయిపోయినయా?"

"ఇప్పటికైతే ఇరవై మూడు."

"మంచిది. లెక్క పాతదైంది, ఒప్పుకున్న. మరి దొంగతనం పాతదైందా? రాజు తన తోటకు కాలువ తిప్పుకున్నడు. చివరి ఊరు ఎండింది. గది తప్పని రాసుకున్నవా?"

రాసుకోలేదు.

"గా నాలుగు కాళ్ల జంతువులున్నరు సూడు," అన్నాడు, "గది గూడ నువ్వు సరిగ్గ రాసుకోలె. రాసినోనికి కండ్లు కనబడలె. వాళ్లు మీ పాలమూరోళ్లే. వంగి తవ్వుతుంటె దూరం నుంచి నాలుగు కాళ్ల లెక్కనే కనబడ్డరు."

ఆ రోజు మా నాయిన గుర్తొచ్చి నేను రొట్టె సగంలో వదిలేశాను. ఆయన చూశాడు.

ఇక ఆ ఏడాది ఎండాకాలం సంగతి. ప్రాజెక్టు కాలువ నుంచి ఒక పిల్లకాలువ రాళ్లగూడెం వరకు పోవాలి. సర్వే అయింది, పటం అయింది, ట్రేసర్ సాబే దాన్ని గుడ్డ మీద గీశాడు. చివరి చుక్క పెట్టిన రోజు ఊరికి వెళ్లి అందరికీ పుట్నాలు పంచాడట. రోజూ "నీళ్లెప్పుడొస్తయి అల్లుడా" అని అడిగే ముసలమ్మలకు మొదటిసారి జవాబు దొరికింది.

నెల తిరక్కుండానే అధికారి ఆ పటం రద్దు చేశాడు. కాలువను మధ్యలో ఎడమకు తిప్పి పక్క ఊరి దొర మెట్ట చెలకల్లోకి పంపే కొత్త పటం పెన్సిలుతో తానే గీసుకొచ్చాడు. దొర ఇంట్లో భోజనాలు ఎన్నిసార్లు జరిగాయో జీపు డ్రైవరుకు తెలుసు. నాకు అవసరం లేదు.

కొత్త పటం బల్ల మీద పెట్టినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ట్రేసర్ సాబు వంగి చూశాడు. వేలితో ఒక చోట ఆపాడు.

"సార్, గీ లెవెల్ ఏ రాయి మీద నుంచి తీసిండ్రు? గా గుట్ట మీది పాత రాయి నుంచా? గా రాయి..."

"ఏమయ్యా," అన్నాడు అధికారి, "నువ్వు ఇంజనీరువా, ట్రేసర్‌వా?"

"ట్రేసర్ను సార్."

"మరి ఆలోచించడం నీకెందుకు? ఉన్నది గియ్యి."

బల్ల మీద నవల ఉంది. అధికారి దాన్ని తీసుకుని తిరగేశాడు. ఇదేమిటని నన్ను అడిగాడు. నేను, నోరు ఆగక, అంగారకుడి మీద కాలువల కథ అన్నాను. అధికారి పెద్దగా నవ్వాడు. "కింద కాలువలు చాలక పైన కూడానా? పని గంటల్లో ఇదా నీ చదువు?" అని చివరి పేజీలు గుప్పిట పట్టి చింపాడు. చింపి, పెన్ను కారుతోందని ఆ కాగితాలతోనే వేళ్లు తుడుచుకుని బుట్టలో వేశాడు. తర్వాత ఒక చీటీ మీద ఇంగ్లీషులో రెండు ముక్కలు రాసి, పొట్టి సంతకం పెట్టి, పటానికి గుచ్చాడు. "ఇచ్చినది ఇచ్చినట్టు ట్రేస్ చేయాలి. ప్రశ్నలు అనవసరం" అని దాని అర్థం. పోతూ పోతూ, "ఆ రాళ్లగూడెం ట్రేసింగు ఉడకేసుకో, మంచి రుమాళ్లొస్తాయి" అన్నాడు.

ట్రేసర్ సాబు "అట్లనే సార్" అన్నాడు. బుట్టలోని కాగితాలు తీసి చూశాడు. సిరా మయం. మళ్లీ బుట్టలోనే వేశాడు. రూలింగ్ పెన్ను తీసి, ఊపిరి బిగబట్టి, మొదటి గీత మొదలుపెట్టాడు.

ఆయన చెప్పబోయి ఆగిపోయింది ఏమిటో నాకు పదిహేను రోజులకు తెలిసింది. పటం కింద మూలన నాలుగు గళ్లుంటాయి: సర్వే, ట్రేస్, తనిఖీ, ఆమోదం. తనిఖీ గడిలో సంతకం పెట్టాల్సింది నేను. లెక్కలు మొదటి నుంచి వేసుకుంటూ వచ్చి ఒక చోట ఆగాను. గుట్టల మీద ఎత్తు కొలవడానికి చెక్కిన గుర్తురాళ్లు మా ప్రాంతంలో రెండు రకాలు. నిజాం కాలపు సర్వే చెక్కినవి పాతవి, ఇప్పటివి కొత్తవి. రెంటి మీదా అంకెలుంటాయి, కానీ ఆ అంకెలకు మొదలు ఒకటే కాదు. పాత రాయి మీది అంకెకు ఐదున్నర అడుగులు కలిపితేనే కొత్త లెక్క వస్తుంది. కాలువ లెక్క కొత్త రాయి నుంచి తీశారు. దొర పొలం లెక్క దగ్గరగా ఉందని పాత రాయి నుంచి తీశారు. కలపాల్సిన ఐదున్నర అడుగులు కలపలేదు. కాగితం మీద దొర పొలం కాలువ నీటికి రెండున్నర అడుగులు కింద ఉంది. నేల మీద మూడు అడుగులు పైన ఉంది.

పాత రాళ్లు చెక్కినప్పుడు గొలుసు మోసిన వాళ్లలో ట్రేసర్ సాబు ఒకడు.

పాకెట్ పుస్తకం పట్టుకుని వరండాలోకి పోయాను. ఆయన ఉడికించిన ట్రేసింగ్ గుడ్డ ఆరేస్తున్నాడు. రాళ్లగూడెం కాలువ గుడ్డ అది. గంజి పోయింది కానీ సిరా పూర్తిగా పోలేదు. గీత ఒకటి బూడిద రంగులో అట్లాగే ఉంది.

"సాబ్, ఐదున్నర అడుగులు," అన్నాను.

"దొరికిందా? పదిహేను రోజులు పట్టింది నీకు. డిప్లొమా గట్టిదే."

"మీకు ముందే తెలుసు."

"చెప్పబోతె ఏమన్నడు? నువ్వు గూడ విన్నవ్ గదా."

"నీళ్లు ఎక్కవు సాబ్. కాలువ తవ్వి దండగ."

"నీళ్లు దొర మాట వింటయేమో సూద్దాం," అన్నాడు. తర్వాత గుడ్డ మడతలు సరిచేస్తూ, నా వైపు చూడకుండా, "నువ్వు చెప్తనంటె చెప్పు. నేను ఆప. నవలల ఇరవై మూడు తప్పులు చెప్పినోనివి. గిదొక్కటి కడుపుల పెట్టుకోలేవా?"

ఆ క్షణాన నాకు కలిగింది సంతోషమే. దాచడం ఎందుకు? చింపిన పేజీలు, సిరా తుడుచుకున్న వేళ్లు, మా భాష విన్నప్పుడల్లా అధికారి మూతి పక్కకు పెట్టే తీరు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. చెప్పకూడదని నిర్ణయించుకున్నాను. కానీ తప్పు పటం మీద సంతకం పెట్టడం కూడా ఇష్టం లేదు. అధికారి తొందరలో ఉన్నాడు. "తనిఖీ తర్వాత పెడుదువు లే, ముందు ప్రింటు తీయించు" అన్నాడు. నేను గడి ఖాళీగా వదిలేశాను. చాలా తెలివైన పని చేశాననుకున్నాను. ట్రేస్ గడిలో మాత్రం ఆయన సంతకం ముత్యంలాగా ఉంది.

తవ్వడానికి పాలమూరు కూలీలే వచ్చారు. నేలమట్టం నుంచి ఇంత లోతు అని పటంలో ఉంది, అంత లోతే తవ్వించాను. పని సగమయ్యాక ఒక వాన పడింది. తెల్లారి మా నాయిన వయసు కూలీ ఒకామె గంప దించి నన్ను పిలిచింది.

"సారూ, జర ఇటు రా. నీళ్లు ఎనుకకు పోతున్నయేంది?"

చూశాను. కాలువలో నిలిచిన వాన నీళ్లు దొర పొలం వైపు కాకుండా వచ్చిన దారిన వెనక్కి జారుతున్నాయి.

"ఇంకా తవ్వుడు అయిపోలేదు గదమ్మా," అన్నాను.

"అయిపోతె ముందటికి పోతయా?"

"పోతయి."

"నువ్వు సదువుకున్నోనివి. పోతయంటె పోతయి తియ్," అని గంప ఎత్తుకుంది. అధికారి మీద పగకు ఆమెతో ఎందుకు అబద్ధం చెప్పానో అప్పుడు ఆలోచించలేదు.

నవల ఆ రోజుల్లోనే చిరిగిన చోటుకు వచ్చింది. కొలతలాయన రాజు దగ్గరికి పోయి చివరి నగరం ఎండిపోతోందని మొర పెట్టుకుంటాడు. కర్ర మీది అంకె చెప్పడమే నీ పని, నోరు మూసుకో అంటాడు రాజు. ఆ రోజు నుంచి కొలతలాయన అడిగిన అంకె మాత్రమే చెబుతాడు. రాజు తోట పక్క కట్టకు బీట పడిందని అతనికి తెలుసు. బీట గురించి ఎవరూ అడగరు, అతను చెప్పడు. భూమి నుంచి వచ్చిన యువకుడు కూడా ఆ బీటను చూస్తాడు. అక్కడితో పేజీలు అయిపోయాయి.

"తర్వాత ఏమైతది సాబ్?"

"గాయన చింపిండు గదా."

"మీరు ఇరవై సార్లు చదివిండ్రు. మీకు తెల్వదా?"

"తెలుసు. నువ్వే కట్టుకో. డిప్లొమా ఉన్నది గదా."

ఎన్నిసార్లు అడిగినా ఇదే మాట.

నీళ్లు వదిలిన రోజున దొర తెల్ల షేర్వానీ వేసుకుని వచ్చాడు. బాజా పెట్టించాడు. అధికారి కొబ్బరికాయ కొట్టాడు. రాళ్లగూడెం జనం పిలవకున్నా వచ్చి దూరంగా మట్టి కుప్పల మీద నిలబడ్డారు. వాళ్ల మధ్యలో వాళ్ల అల్లుడు. నీళ్లు పెద్ద కాలువ నుంచి మలుపు తిరిగి కొత్త కాలువలోకి ఎర్రగా, నురగతో ఉరికి వచ్చాయి. బాజా గట్టిగా మోగింది. ఒక ఫర్లాంగు వచ్చాయి. నెమ్మదించాయి. తర్వాత ఆగాయి. ముందు నడుస్తున్న నురగ అట్లాగే నిలబడి, గుండ్రంగా తిరిగి, వెనక్కి పోవడం మొదలుపెట్టింది. బాజావాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఆపేశారు. డోలు వాయించేవాడు అందరికన్నా ఆలస్యంగా చూశాడు.

"ఏమైంది ఇంజనీర్ సాబ్? నీళ్లకు దారి తెల్వదా?" అన్నాడు దొర.

మట్టి కుప్ప మీద నుంచి రాళ్లగూడెం ముసలమ్మ ఒకతె అందుకుంది: "దారి తెల్వక గాదు దొరా. నువ్వు దొరవని నీళ్లకు ఎవ్వలు చెప్పలె!"

నవ్వు కుప్ప నుంచి కుప్పకు పాకింది. అధికారి ముఖం నేను చూశాను. జీవితంలో చూసిన అందమైన వస్తువుల పట్టీ ఎవరైనా అడిగితే ఈనాటికీ అందులో ఆ ముఖం మొదటి ఐదింటిలో ఉంటుంది. ట్రేసర్ సాబు నవ్వలేదు. జేబులోంచి రుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. రుమాలు మీద అడ్డంగా బూడిద రంగు గీత ఒకటి ఉంది.

కక్ష అక్కడ తీరిపోయి ఉంటే బాగుండేది.

విచారణ వచ్చింది. అధికారి ప్రింటు విప్పి పరిచాడు. సర్వే గడిలో పాత రికార్డుల ప్రకారం అని ఉంది. ఆమోదం గడిలో తన సంతకం ఉన్నా, కింది వాళ్లను నమ్మి పెట్టానన్నాడు. తనిఖీ గడి ఖాళీ. మిగిలింది ట్రేస్ గడి. అంకెలు దించడంలో ట్రేసర్ పొరపాటు చేశాడని తేల్చారు. అధికారి గీసిన పెన్సిలు పటం ఏమైందని అడిగితే కనబడటం లేదన్నారు. ట్రేసర్ సాబును సస్పెండ్ చేసి జవాబు అడిగారు. ఆయన ఒక్క వాక్యం రాసిచ్చాడు: నాకు ఇచ్చినది గీసినాను, తనిఖీ చేసినవారిని అడగగలరు.

నన్ను పిలిచి అడిగారు. కొత్త ఉద్యోగం. ఇంటి దగ్గర నాయిన నడుము పడిపోయి ఉన్నాడు. గది బయట బెంచీ మీద ట్రేసర్ సాబు కూర్చుని ఉన్నాడు, తలుపు తెరిచే ఉంది.

"ఆ పటం నా దగ్గరికి తనిఖీకి రాలేదు," అన్నాను.

బయటికి వచ్చాక ఆయన లేచి నిలబడ్డాడు. ఏదో అంటాడనుకున్నాను. నా భుజం మీద సున్నం అంటిందని రుమాలుతో దులిపి, బస్సుకు పోయాడు.

తర్వాత వేరే దారి లేక పాత పెన్సిలు పటం ప్రకారమే రాళ్లగూడేనికి కాలువ తవ్వారు. ఆ ఘనత కూడా అధికారి ఖాతాలోకే పోయింది. పెద్ద హోదా మీద నల్లగొండకు పోయాడు. ట్రేసర్ సాబు కేసు తేలలేదు. నేను రాళ్లగూడెం రెండుసార్లు పోయాను. రెండుసార్లూ ఊరి పొలిమేరలో కాలువ గట్టు మీద కూర్చుని తిరిగి వచ్చాను. పోయిన నెల ఆయన పోయాడు. ఫైలు మీద ఆయన ఇంకా తప్పు చేసిన ట్రేసరే.

శనివారం సభ అయ్యాక వరండాలో ఆయన భార్య నిలబడి ఉంది. ఆమెను లోపలికి ఎవరూ పిలవలేదు. రుమాలులో కట్టిన పుస్తకం నా చేతిలో పెట్టింది.

"నీకియ్యమన్నడు. చదివిచ్చుకున్నంకనే మా గడప తొక్కుమన్నడు."

"ఇంకేమన్నడమ్మా?"

"ఇంకేమనలె. నీ మీద కోపమున్నదా అని నేను గూడ అడిగిన. నీళ్లు తాగి పండుకున్నడు."

ఆదివారం పొద్దున బస్టాండు దగ్గర గడియారాలు బాగుచేసే, ఉర్దూ వచ్చిన సాబు దగ్గరికి పుస్తకం పట్టుకుపోయాను. చింపిన పేజీల స్థానంలో ట్రేసింగ్ గుడ్డ ముక్కలు పేజీల కొలతకు కత్తిరించి కుట్టి ఉన్నాయి. వాటి మీద నల్ల సిరాతో ఉర్దూ. అచ్చు అక్షరాలేమో అనిపించేంత తీరుగా ఉంది. గడియారాల సాబు కంటికి భూతద్దం పెట్టుకునే చదివాడు.

కట్ట తెగి రాజు తోట మునిగిపోతుంది. కొలతలాయనను దర్బారుకు పట్టుకొస్తారు. తెగుతుందని నీకు తెలుసా అంటే తెలుసంటాడు. ఎందుకు చెప్పలేదంటే, కర్ర మీది అంకె అడిగారు, అదే చెప్పానంటాడు. ఇంకెవరికి తెలుసు అని రాజు అడుగుతాడు. భూమి నుంచి వచ్చిన యువకుడు స్తంభం పక్కనే నిలబడి ఉన్నాడు. కొలతలాయన అతని వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకుని, ఇంకెవరికీ తెలియదంటాడు. కొలతలాయనను కొత్తగా కట్టే కట్టలో నిలబెట్టి మట్టి పోస్తారు. యువకుడు గాజు ఓడ ఎక్కి క్షేమంగా ఇంటికి చేరి ఈ పుస్తకం రాస్తాడు. అంతే.

గడియారాల సాబు భూతద్దం తీసి కళ్లు నలుపుకున్నాడు. "కిస్సా బాగున్నది. గా భూమి మీది పోరడు మాత్రం ఉత్త నామర్ద సాబ్, పిరికోడు" అన్నాడు.

అది అసలు పుస్తకం ముగింపేనా, ముసలాయన నా కోసం కట్టిందా, నాకు తెలియదు. తెలుసుకునే మార్గం లేదు. పుస్తకం పేరు కూడా తెలియదు. పగ ఆయనకు ఒక్కరి మీదే ఉందని మూడేళ్లు అనుకున్నాను. లెక్క తప్పింది.

ఆఖరి గుడ్డ పేజీ రెండు పొరలు. పొరల మధ్య గుండుసూది గుచ్చిన చీటీ ఉంది. ఇచ్చినది ఇచ్చినట్టు ట్రేస్ చేయాలి, ప్రశ్నలు అనవసరం. కింద పొట్టి సంతకం. ఈ ముక్క చూపించి ఉంటే విచారణ నుంచి ఆయన ఆ రోజే బయటపడేవాడు. మరుక్షణం, అయితే తనిఖీ చేసింది ఎవరు అనే ప్రశ్న నా మీదికి వచ్చేది. అందుకే దాచాడా? నేనే వచ్చి చెప్పాలని దాచాడా? లేక నేను రానని తెలిసి, ఈ ఆదివారం కోసమే దాచాడా? మూడు కారణాలు రాసుకున్నాను. ఏదీ కొట్టేయలేకపోయాను.

సోమవారం ఉదయం విచారణ ఫైలుకు ఒక కాగితం రాసిచ్చాను. పటం నా దగ్గరికి వచ్చిన సంగతి, ఐదున్నర అడుగుల తేడా నేను కనిపెట్టిన సంగతి, పాలమూరు కూలీకి చెప్పిన అబద్ధం, విచారణలో చెప్పిన అబద్ధం, వరస నంబర్లతో. చీటీ జతపరిచాను. నా ఉద్యోగం ఏమవుతుందో వాళ్లు చూసుకుంటారు. పెద్ద ఇంజనీరుకు తెలియాల్సినవన్నీ ఈ వ్యాసంలో ఉన్నాయి. ఒక ప్రతి ఆయనకు పంపుతున్నాను. చింపే అలవాటు ఉంది కనుక రెండు పంపుతున్నాను.

తర్వాత రికార్డు గదికి పోయి ఆ ట్రేసింగు గుడ్డ బయటికి తీశాను. దొర కాలువ నల్లగా, తీరుగా, ఒక్క వణుకు లేకుండా ఉంది. మూలన మూడో గడి మూడేళ్లుగా ఖాళీ. ట్రేసర్ సాబు రూలింగ్ పెన్నులో ఎర్ర సిరా నింపి, పాత రాయి అంకె కింద గీత ఒకటి గీయబోయాను. ఊపిరి బిగబట్టాను.

"ఓవర్సీర్ సాబ్! లోపల ఏం జేస్తున్నవ్?" అని గుమ్మం నుంచి హెడ్ క్లర్కు కేకేశాడు.

గీత చివరిదాకా లాగాను. గడిలో సంతకం పెట్టి, ఈ రోజు తేదీ వేశాను. అప్పుడు ఊపిరి వదిలి జవాబిచ్చాను.

"తనిఖీ."